డోర్ కికర్స్ ఫోన్‌లో: గుమ్మం దాటగానే మనవాళ్ళు ఎందుకు పడిపోతున్నారు?

డోర్ కికర్స్ అంటే పోలీసు కమాండో దళాన్ని పైనుంచి చూస్తూ, ఎవరు ఎటు వెళ్ళాలో గీత గీసి, గదుల్లోని శత్రువుల్ని ఏరివేసే వ్యూహాత్మక ఆట. మీరడిగినవి రెండు. గదిలోకి అడుగు పెట్టగానే మనవాళ్ళు చచ్చిపోతున్నారని ఒకటి, చిన్న స్క్రీన్ మీద గీత గీస్తుంటే వేలే అడ్డొస్తోందని రెండోది. మొదటిదే అసలు సమస్య.

ఈ గేమ్‌లో ట్రిగ్గర్ మీ చేతిలో ఉండదు. గీత గీసి చూపించే మనిషి నడక దారి, అతను చూసే దిశ, ఈ రెండే మీవి. చూపులో శత్రువు పడితే అతనే కాలుస్తాడు. అందుకే ఎవరు ఎవర్ని ముందు చూశారన్న దగ్గరే సగం ఆట తేలిపోతుంది. చూపు దిశ విడిగా పెట్టకపోతే మనవాడు నడిచే వైపే చూస్తాడు. గుమ్మంలోంచి నేరుగా వెళ్ళి ఎడమకు తిరిగేలా గీత గీశారనుకోండి, తిరిగేదాకా అతని కళ్ళు ఎదురుగోడ మీదే ఉంటాయి. ఈలోగా ఎడమ మూలలో ఉన్నవాడు పని కానిచ్చేస్తాడు.

తలుపు తీశాక వెంటనే లోపలికి దూరకండి. గుమ్మానికి కాస్త ఎడంగా, బయటే ఒక వైపు నుంచి రెండో వైపుకి అర్ధచంద్రాకారంలో గీత గీయండి. ఆ గీత పొడవునా చూపు గుమ్మంలోకే ఉండాలి. నడుస్తున్నకొద్దీ గది ముక్కలు ముక్కలుగా బయటపడుతుంది, శత్రువులు ఒక్కొక్కరుగా దొరుకుతారు. గోడకు అతుక్కుని మాత్రం ఈ పని చేయొద్దు. గోడ అంచుకు ఎవరు ఎక్కువ దూరంలో ఉంటే వాళ్ళకే అవతలివాడు ముందు కనిపిస్తాడు.

ఇంతా చేసినా తలుపున్న గోడకు ఆనుకుని ఉండే రెండు మూలలు బయటినుంచి కనిపించవు. వాటికి ఇద్దరు కావాలి. మొదటివాడు ఒక మూలకి, వాడి వెనకాలే రెండోవాడు గుమ్మానికి అవతలివైపున్న మూలకి. ఇద్దరి గీతల మీదా గుమ్మానికి ముందే చూపును ఎవరి మూల వైపు వాళ్ళకి తిప్పి ఉంచండి. గీత గుమ్మంలోనే ముగిస్తే మాత్రం వాడు బతికి బట్టకట్టడు, వెనకవాడి దారీ చూపూ రెండూ అడ్డుకుంటాడు.

ఇద్దరూ ఒకేసారి కదలాలంటే గో కోడ్ వాడండి, అంటే A, B లాంటి ఒక అక్షరంతో పెట్టే 'ఆగు, చెప్పాక కదులు' గుర్తు. తలుపు దగ్గర ఇద్దరికీ ఏ కోడ్ పెడితే, మీరు ఆ అక్షరం నొక్కేదాకా అక్కడే ఆగుతారు. పెద్ద వెలుగు, శబ్దంతో శత్రువుని కాసేపు దిమ్మెరపోయేలా చేసే ఫ్లాష్‌బ్యాంగ్‌తో ఇది మరీ అవసరం: ముందు విసరాలి, పేలాలి, ఆ తర్వాతే కోడ్ నొక్కాలి. చాలామంది విసిరిన మరుక్షణమే లోపలికి పంపేస్తారు, మనవాళ్ళ కళ్ళే బైర్లు కమ్ముతాయి. పేలాక ఆలస్యం చేసినా దండగే, దాని ప్రభావం కొద్ది సెకన్లే. గోడ చాటునున్నవాడికి అది అసలు తగలదు.

తలుపును పేల్చి తెరిచే బ్రీచింగ్ చార్జ్ పెట్టేముందు తలుపు కింద కెమెరా దూర్చి చూడండి. తలుపు వెనకే బందీ ఉంటే ఆ పేలుడు వాళ్ళకే తగులుతుంది. కెమెరాకి కాస్త సమయం పడుతుంది, బాంబు మిషన్లలో ఆ తీరిక ఉండకపోవచ్చు. బరువైన కవచం తొడిగినవాడు నెమ్మదిస్తాడు కాబట్టి అలాంటి చోట తేలికైనవాణ్ణే ముందు పంపండి. డాలు పట్టినవాడు ఎదురుదెబ్బ కాస్తాడు గానీ పక్కనుంచి వచ్చే తూటాకి మామూలు మనిషే. ఒక్క గుండు పేలినా చుట్టుపక్కలవాళ్ళు అప్రమత్తమవుతారు, అందుకే ఒకణ్ణి ఎప్పుడూ నడవా వైపు చూస్తూ వెనకే ఉంచండి.

ఇక వేలి సంగతి. 2014లో కంప్యూటర్ కోసం వచ్చిన ఆట ఇది, మౌస్ మొనతో గీసేదాన్ని వేలితో గీస్తున్నాం. ముందు పాజ్ చేయండి, రెండు వేళ్ళతో జూమ్ చేసి తలుపును స్క్రీన్ మధ్యకి తెచ్చుకోండి. ఒకేసారి ఇల్లంతా గీయకుండా ఒక్క గదికే గీయండి, అది ఖాళీ అయ్యాక మళ్ళీ పాజ్. మొదటి నుంచి చివరిదాకా ఒకే ప్లాన్‌తో ముగించడం వేరే సరదా, ఇప్పుడే దాని జోలికి పోనక్కర్లేదు. అంచు నుంచి వేలు లాగితే వెనక్కి వెళ్ళే ఫోన్లలో స్క్రీన్ అంచున మొదలుపెట్టిన గీత గేమ్‌లోంచే బయట పడేస్తుంది. మ్యాప్ జరిపి మనిషిని మధ్యకి తెచ్చాకే గీయండి. ఇంకా ఇబ్బందైతే సన్నమొన స్టైలస్ కొనుక్కోండి, ఖరీదైనదేం అక్కర్లేదు.