ముందు కూర చెప్పు, అన్నం సంగతి తర్వాత

హన్మకొండ
ఆదివారం పొద్దున

బిడ్డా,

షుగర్ వచ్చింది, అన్నం తగ్గించాలని మొన్న రాత్రి ఫోన్‌లో చెబుతూ నువ్వు "ఇంట్లో ఉంటే అమ్మ చూసుకుంటది పెద్దబాపూ, టూర్‌కు పోయినప్పుడే ఏం తినాలో తెలుస్తలేదు" అన్నావు. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఇదే ధ్యాస. పురుగుమందుల కంపెనీ ఉద్యోగం కదా, నెలలో ఇరవై రోజులు రోడ్డు మీదే ఉంటావు. జమ్మికుంటలో ఒక పూట, జగిత్యాలలో ఒక పూట. నేనూ ఆర్టీసీ కండక్టర్‌గా ఇరవై ఎనిమిదేళ్లు ఈ రోడ్ల మీదే తిన్నాను. రిటైర్మెంట్‌కు నాలుగేళ్ల ముందు షుగర్ బయటపడింది. ఆ నాలుగేళ్లూ డ్యూటీ చేస్తూ, హోటళ్లలో తింటూనే అన్నం తగ్గించాను. అప్పుడు నేర్చుకున్నదంతా రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే సగం మరిచిపోతావు. ఈ కాగితం బ్యాగులో పెట్టుకో.

తిండి కన్నా ముందు గోలీల సంగతి చెప్పాలి. డాక్టర్ రాసే మోతాదు నువ్వు మామూలుగా ఎంత తింటావో దాని లెక్కతో ఉంటుంది. అన్నం సగం చేసి, గోలీ మాత్రం అంతే వేసుకుంటే షుగర్ మరీ కిందికి పడిపోవచ్చు. గ్లిమెపిరైడ్ లాంటి గోలీలతో, ఇన్సులిన్‌తో ఈ ప్రమాదం ఎక్కువ. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకు చాలా తక్కువ. నాకు ఇది జగిత్యాల బస్టాండ్‌లో అనుభవమైంది. ఎవరికీ చెప్పకుండా అన్నం మానేసి, గోలీ వేసుకుని డ్యూటీకి పోయాను. పదకొండు గంటలకు ఒళ్లంతా చెమట, చేతుల వణుకు, చేతిలో ఉన్న చిల్లర ఎంతో లెక్క తెలియలేదు. మా డ్రైవర్ చూసి, మూడు చెంచాల చక్కెర వేయించిన చాయ్ తాగించాడు. పావుగంటకు మనిషినయ్యాను. నువ్వు బండి నడుపుతూ తిరుగుతావు, హుజూరాబాద్ రోడ్డు మీద నీకు అలా అయితే ఏమిటి గతి? అందుకని నువ్వు అన్నం ఎంత తగ్గిస్తున్నావో డాక్టర్‌కు లెక్కతో సహా చెప్పి, గోలీల మోతాదు మార్పించుకో. చక్కెరను మూత్రంలో పంపించే రకం గోలీలు, అంటే డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి వాడుతుంటే అది కూడా తప్పకుండా అడుగు. వాటితో పిండి పదార్థం, అంటే అన్నం, రొట్టెల్లో ఉండి షుగర్ పెంచేది, బాగా తగ్గిస్తే రక్తంలో కీటోన్లు, అంటే ఒంట్లో కొవ్వు కరిగేటప్పుడు వచ్చే ఆమ్లాలు పెరిగి ఆస్పత్రి పాలు కావచ్చు. మీటర్‌లో షుగర్ పెద్దగా పెరగకపోయినా ఆ ప్రమాదం ఉంటుంది. జేబులో ఎప్పుడూ గ్లూకోజ్ పొడి పొట్లం ఉంచుకో. మీటర్‌లో 70 కన్నా తక్కువ చూపిస్తే మూడు చెంచాలు నీళ్లలో కలుపుకొని తాగి, పావుగంట ఆగి మళ్లీ చూసుకో.

ఇక తిండి. మన దగ్గర హోటల్ అంటేనే అన్నం. ప్లేట్ మీల్స్ అన్నా, ఫుల్ మీల్స్ అన్నా మధ్యలో అన్నం గుట్ట ఉంటుంది, కూరలు దాని అంచుకు చిన్న గిన్నెల్లో వస్తాయి. నువ్వు దీన్ని తిరగెయ్యాలి. కూరతో కడుపు నింపుకొని, అన్నాన్ని అంచుకు పెట్టుకోవాలి. నేను నేర్చుకున్న అసలు విద్య ఇదొక్కటే, మిగతావన్నీ దీని నుంచే వచ్చాయి.

లెక్క చూడు. వండిన అన్నం 100 గ్రాముల్లో పిండి పదార్థం సుమారు 28 గ్రాములు. మెస్‌లో రెండుసార్లు పెట్టించుకుంటే అన్నం 400 గ్రాములు సులువుగా అవుతుంది, అంటే 110 గ్రాములకు పైనే పిండి పదార్థం. లో-కార్బ్ అని పిండి పదార్థం తక్కువ తినే పద్ధతి ఉంది, అంటే సాధారణంగా రోజు మొత్తానికి 130 గ్రాముల లోపు అని లెక్క. ఒక్క మధ్యాహ్నం పూటకే దాదాపు రోజు కోటా అయిపోతోంది. అదే గుడ్డులో చూస్తే ఒక గ్రాము కూడా ఉండదు. చికెన్, మటన్, చేప ముక్కల్లో ఉండనే ఉండదు. పెరుగు 100 గ్రాముల్లో నాలుగైదు గ్రాములు ఉంటుంది.

మెస్‌లో కూర్చోగానే సప్లయర్ అడగకుండానే అన్నం పెట్టేస్తాడు. ఒకసారి ప్లేటులో పడ్డాక వదిలేయడం మన చేత కాదు, చిన్నప్పటి నుంచి అన్నం పారేయొద్దని పెరిగినవాళ్లం. కాబట్టి కూర్చునేటప్పుడే, ప్లేటు రాకముందే చెప్పు: "అన్నా, నాకు షుగర్ ఉంది, అన్నం ఒక్క గరిటె చాలు, కూర రెండింతలు పెట్టు, ఎక్స్‌ట్రా బిల్లు వేసుకో." ఈ మాట మొదటిసారి చెప్పడానికి నాకు వారం రోజులు పట్టింది. నలుగురూ చూస్తారని, హోటల్ వాళ్లు ఏమనుకుంటారో అని మొహమాటం. చెప్పాక ఎవరూ ఏమీ అనుకోలేదు. కరీంనగర్‌లో నేను రోజూ తినే మెస్ సప్లయర్ అయితే నన్ను చూడగానే రెండు గిన్నెల కూర, ఒక ఉడికించిన గుడ్డు, పెరుగు తెచ్చి పెట్టేవాడు. వాళ్ల నాన్నకు కూడా షుగరే అని తర్వాత చెప్పాడు. మన వైపు ఏ ఇంట్లో చూసినా ఒకరికైనా ఉంది. ఐసీఎంఆర్, అంటే కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి వాళ్ల లెక్క 2023లో వచ్చింది, దేశంలో షుగర్ ఉన్నవాళ్లు 10 కోట్లు దాటారు. నువ్వు "షుగర్ ఉంది" అంటే అర్థం కాని హోటల్ ఇప్పుడు ఎక్కడా లేదు.

నీలాగా తిరిగేవాళ్లకు కర్రీ పాయింట్ దేవుడిచ్చిన వరం. సుబేదారి నుంచి గోదావరిఖని దాకా ప్రతి ఊళ్లో గల్లీకొకటి ఉంది. అక్కడ కూర మాత్రమే అమ్ముతారు, అన్నం పెట్టించుకోమని ఎవరూ బలవంతం చేయరు. ఒక ఆకుకూర, ఒక కూరగాయ, ఒక గుడ్డు కూర లేదా చికెన్ తీసుకో. బెండకాయ, వంకాయ, బీరకాయ, దొండకాయ, గోరుచిక్కుడు, క్యాబేజీ మంచివి. ఆలుగడ్డ, కందగడ్డ కూరలు వదిలెయ్. గోంగూర మటన్ దొరికితే నాకు పండుగే. పప్పు కొంచెం చూసుకుని తిను, అందులో ప్రోటీన్‌తో పాటు పిండి పదార్థం కూడా బాగానే ఉంటుంది. ఒక గిన్నె తినొచ్చు, మూడు గిన్నెలు వద్దు. బ్యాగులో ఒక స్టీలు డబ్బా, చెంచా పెట్టుకో. వేడి కూర ప్లాస్టిక్ కవర్లో పోయించుకోకు.

పొద్దున టిఫిన్ దగ్గరే చాలామంది దారి తప్పుతారు. ఇడ్లీ నూనె లేనిది కాబట్టి మంచిదనుకుంటారు. సైజును బట్టి ఒక్కో ఇడ్లీలో పది గ్రాముల దాకా పిండి పదార్థం ఉంటుంది, నాలుగు తింటే నలభై. దోశ, ఉప్మా, పూరీ ఏదైనా అదే తీరు. నేను ఆమ్లెట్ బండి దగ్గరికి పోయేవాణ్ని. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసిన మూడు గుడ్ల ఆమ్లెట్, బ్రెడ్ లేకుండా. బండి వాళ్లు అలవాటు కొద్దీ బ్రెడ్ పెట్టేస్తారు, ముందే చెప్పాలి. గుడ్డు తినని రోజు పెసరట్టు ఒకటి చాలు, అదీ ఉప్మా లేకుండా. పల్లీ చట్నీ ఎక్కువ వేయించుకో. చాయ్‌లో చక్కెర మానెయ్. రోజుకు ఆరు చాయ్‌లు తాగే ఉద్యోగం నీది, ఒక్కోదాంట్లో రెండు చెంచాలంటే పది గ్రాముల దాకా చక్కెర. ఆరు చాయ్‌లకు ఎంతయిందో నువ్వే లెక్క వేసుకో. డీలర్ షాపులో కూల్‌డ్రింక్ తెప్పిస్తే "చల్ల తెప్పించన్నా" అని అడుగు, సంతోషంగా తెప్పిస్తారు. చిన్న కూల్‌డ్రింక్ సీసాలో పాతిక, ముప్పై గ్రాముల చక్కెర ఉంటుంది.

ఇప్పుడు జొన్నరొట్టె గురించి. దీని మీద నీకూ, మీ అమ్మకూ గట్టి నమ్మకం ఉందని నాకు తెలుసు. సాయంత్రం రోడ్డు పక్కన పొయ్యి మీద కాల్చి అమ్మే రొట్టెలు చూస్తే ప్రాణం లాగుతుంది. కానీ జొన్న పిండి 100 గ్రాముల్లో సుమారు 70 గ్రాములు పిండి పదార్థమే, గోధుమకూ దానికీ పెద్ద తేడా లేదు. పీచు ఉంది కాబట్టి తెల్లన్నం కన్నా నయం. అలాగని షుగర్ రొట్టె అని పేరు పెట్టుకుని మూడు తినేది కాదు. నేను ఒకసారి రెండు రొట్టెలు తిని రెండు గంటలకు మీటర్ పెట్టి చూసుకుంటే, అన్నం తిన్న రోజుకూ దానికీ పెద్ద తేడా కనిపించలేదు. ఒకటి తిను, దానికి రెండు గిన్నెల కూర పెట్టుకో.

డీలర్లతో మీటింగ్ అయ్యాక పెద్ద రెస్టారెంట్‌కు పోతారు కదా. అక్కడ మెనూ చూసి కంగారు పడకు. తందూరీ చికెన్, చికెన్ టిక్కా, తవా మీద కాల్చిన చేప, మటన్ ఫ్రై, లివర్ ఫ్రై, పాయా ఇవన్నీ నీవే. స్టార్టర్లన్నీ ఒకటే అనుకోకు. చికెన్ 65, మంచూరియా, చిల్లీ చికెన్, అపోలో ఫిష్ వీటన్నిటికీ మైదా, కార్న్‌ఫ్లోర్ పట్టించి నూనెలో వేయిస్తారు, గ్రేవీ చిక్కపడడానికి మళ్లీ కార్న్‌ఫ్లోరే పోస్తారు. "మాస్టర్‌ను అడిగి చెప్పు, కార్న్‌ఫ్లోర్ లేకుండా చేస్తారా" అని అడిగితే చాలాచోట్ల పెప్పర్ చికెన్ డ్రైగా చేసి ఇస్తారు. బటర్ చికెన్, పనీర్ బటర్ మసాలా గ్రేవీల్లో చక్కెర వేసే చోట్లు ఉన్నాయి, నాలుక మీద తియ్యగా తగిలితే పక్కన పెట్టు. నాన్, రుమాలీ రొట్టె మైదావి, వాటి జోలికి పోకు. సోమవారం, శనివారం నువ్వు నీచు తినవు కాబట్టి పాలక్ పనీర్, పనీర్ టిక్కా, మష్రూమ్ ఫ్రై చెప్పుకో.

బిర్యానీ అందరూ తెప్పిస్తారు, నువ్వు ఒక్కడివే వద్దంటే మనసు ఊరుకోదు. నేను బిర్యానీ మానలేదు. ముక్కలు ముందు తింటాను, ఉల్లిగడ్డ, పెరుగు చట్నీతో. కడుపు సగం నిండాక నాలుగు ముద్దలు అన్నం తింటాను. ఆ క్రమం మార్చకు. ఆకలి మీద అన్నం ముందు మొదలుపెడితే చెయ్యి ఆగదు. మండి, అదే అరబ్బుల తీరు మాంసం అన్నం, అది మాత్రం నాకు భయం. నడుమ పెద్ద పళ్లెం పెట్టి నలుగురూ కలిసి తింటుంటే ఎంత తిన్నావో నీకే తెలియదు. పోక తప్పకపోతే నీ వాటా వేరే ప్లేటులో పెట్టించుకో. ఆర్మూర్ వైపు పోతే అంకాపూర్ నాటుకోడి కూర తెప్పించుకో, అది నీకు సరిగ్గా సరిపోయే తిండి. అన్నం తక్కువ ఇవ్వమని ముందే ఫోన్‌లో చెప్పు.

దావత్‌లు హోటల్ కన్నా కష్టం. హోటల్లో నువ్వు డబ్బులిచ్చి అడుగుతావు, దావత్‌లో వాళ్లు ప్రేమతో పెడతారు. బగారన్నం మీద యాటకూర పోసి "ఇంకింత పెట్టుకో, ఏం తింటలేవేంది" అని నిలబడితే కాదనడం చాలా కష్టం. పోయిన వెంటనే వంటల దగ్గరున్న పెద్దమనిషితో ఒక్క మాట చెప్పి పెట్టు: "మామా, షుగర్ వచ్చింది, కూర ఎంత పెట్టినా తింటా, అన్నం మాత్రం అడగొద్దు." కూర ఎక్కువ తింటే వండినవాళ్లకు కూడా సంతృప్తే. బంతిలో కూర్చుంటే అన్నం గిన్నె వచ్చినప్పుడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టు. బఫే అయితే ప్లేటు పట్టుకోకముందు ఒకసారి చివరిదాకా నడిచి అన్నీ చూసి రా. మందు సంగతి నీకు తెలుసు, నేను కొత్తగా చెప్పను. కానీ గోలీ వేసుకుని ఖాళీ కడుపున తాగితే షుగర్ పడిపోవచ్చు, అది తాగిన మత్తని పక్కవాళ్లు పొరపడతారు. ఆ పని ఎప్పుడూ చేయకు.

ఏదో ఒక రోజు తప్పుతుంది. సకినాలు కనబడతాయి, సర్వపిండి వాసన వస్తుంది, తినేస్తావు. ఆ రోజుతో అంతా పోయిందని మళ్లీ అన్నం గుట్టల్లో పడకు. తర్వాతి పూటకు మామూలు దారికి రా. వారంలో మూడుసార్లయినా బయట తిన్న రెండు గంటలకు మీటర్ పెట్టి, ఏ హోటల్లో ఏం తిన్నావో, ఎంత వచ్చిందో చిన్న పుస్తకంలో రాసుకో. నా పుస్తకం చూసే మా డాక్టర్ గోలీ సగం చేశాడు. ఇంకొకటి, మాంసం ఎక్కువ చేసే ముందు ఒకసారి కిడ్నీ పరీక్ష చేయించుకో. అక్కడ ఏమైనా తేడా ఉంటే ఎంత తినాలో డాక్టరే చెప్పాలి.

వచ్చే ఆదివారం మీ అమ్మను, బాపును తీసుకుని హన్మకొండ రా. భద్రకాళి గుడికి పోయి, అటు నుంచి అటే బయట తిందాం. సప్లయర్‌తో నువ్వే మాట్లాడాలి, నేను పక్కన కూర్చుంటాను. రెండు గంటలయ్యాక ఇద్దరం మీటర్ పెట్టి చూసుకుందాం. నీ పుస్తకం తేవడం మరువకు.

నీ
పెద్దబాపు