పాప పుట్టినరోజుకి చేపలు తేవద్దు అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ,

నువ్వు పంపిన ఉప్పునీళ్ల చేపల ట్యాంకు ఫోటో చూశాను. రాళ్లు బాగా పేర్చావు, వెనక అద్దానికి ఆనించకుండా నీళ్లు తిరగడానికి చోటు వదిలావు, అది చాలామందికి తట్టదు. కానీ కింద రాసిన మాట చదివాక టెన్షన్ పట్టుకుంది. నిన్న ఉప్పు కలిపారట, ఈ శనివారం పాప పుట్టినరోజుకి రెండు క్లౌన్ ఫిష్‌లు తెచ్చేస్తారట. తేవద్దు. ఈ శనివారమే కాదు, వచ్చే శనివారం కూడా వద్దు. ఫోన్‌లో చెబితే ఆఫీసు హడావుడిలో సగం వింటావని ఇలా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

నీళ్లు తేటగా ఉన్నాయి కదా మావయ్యా అంటావు. ఉంటాయి. అమ్మోనియాకి రంగు లేదు, చేపని చంపేంత మోతాదులో ఉన్నా మన ముక్కుకి తెలియదు. చేప తిన్న తిండిలోని వ్యర్థం ఎక్కువ భాగం మొప్పల్లోంచి అమ్మోనియాగానే బయటికి వస్తుంది. సముద్రంలో అది ఎటో పోతుంది, నీ 150 లీటర్ల అద్దాల పెట్టెలో ఎక్కడికి పోతుంది? దాన్ని తిని నైట్రైట్‌గా మార్చే సూక్ష్మజీవులు ఒక రకం, ఆ నైట్రైట్‌ని తిని నైట్రేట్ చేసేవి ఇంకో రకం. నైట్రేట్ కొంత ఉన్నా చేపకి ఫరవాలేదు, నీళ్లు మారిస్తే తగ్గిపోతుంది. ఈ రెండు రకాలూ నీళ్లలో తేలుతూ ఉండేవి కావు, రాళ్లకీ ఇసుకకీ ఫిల్టర్ స్పాంజికీ పొరలా అంటుకుని బతుకుతాయి. నీ రాళ్లు కొత్తవి, ఇసుక కొత్తది, అంటే ఇంకా అక్కడ ఎవరూ లేరు. పెరుక్కి రాత్రి తోడు వేస్తే తెల్లారేసరికి గడ్డ కడుతుంది కానీ ఇవి అంత త్వరగా పెరిగేవి కావు, ఒకటి రెండు అవ్వడానికే ఒక్కోసారి రోజు పడుతుంది. అందుకే మొత్తం తయారవ్వడానికి నాలుగు నుంచి ఆరు వారాలు.

చిన్నప్పుడు మీ ఇంట్లో గోల్డ్ ఫిష్‌ని నీళ్లు పోసిన రోజే వేశాం, బతికింది కదా అని మీ అమ్మ అంటోంది. మా అక్కకి చెప్పు, మంచినీళ్ల లెక్క వేరు. పీహెచ్ 7 దగ్గర ఉన్న నీళ్లలో అమ్మోనియా దాదాపు అంతా హాని తక్కువ ఉన్న రూపంలోనే ఉంటుంది, విషపు రూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. ఉప్పునీళ్ల ట్యాంకు పీహెచ్ 8.2 దగ్గర నడుస్తుంది, అక్కడ అదే అమ్మోనియాలో విషపు వంతు సుమారు పది రెట్లు. నైట్రైట్ సంగతి దీనికి తిరగేసి, ఉప్పులోని క్లోరైడ్ అడ్డుపడటం వల్ల మంచినీళ్లలో చేసినంత హాని ఇక్కడ చేయదు. కాబట్టి నీ భయమంతా అమ్మోనియా మీద పెట్టుకో.

నాకు ఇది ఎలా తెలుసో నీకెప్పుడూ చెప్పలేదు. ఉప్పాడ పక్క రొయ్య పిల్లల్ని పుట్టించి పెంచే హేచరీలో పనిచేసే రోజుల్లో పొద్దున లేస్తే నా మొదటి పని అమ్మోనియా టెస్టే. రొయ్య పిల్లల ట్యాంకులో రీడింగ్ కాస్త పెరిగినా వెంటనే నీళ్లు మార్పించేవాణ్ణి. అలాంటిది ఇంట్లో మొదటి ఉప్పునీళ్ల ట్యాంకు పెట్టినప్పుడు, దుకాణం అతను ఒక సీసా ఇచ్చి ఇది పోస్తే ఆ రోజే చేపలు వేసుకోవచ్చు అంటే నమ్మాను. టెస్ట్ చేయలేదు. మూడు క్లౌన్‌లు వేశాను. రెండో రోజు సాయంత్రానికి మేత ముట్టడం మానేశాయి. నాలుగో రోజు పొద్దున చూస్తే మూడూ పంపు నీళ్లు పడే మూల పైకి చేరి నోరు తెరిచి మూస్తున్నాయి, మొప్పల రెక్కలు ఆగకుండా కొట్టుకుంటున్నాయి, ఒకదాని మొప్ప లోపల ముదురు ఎరుపు బయటికి కనిపిస్తోంది. సగం నీళ్లు మార్చేసరికి ఒకటి పక్కకి వాలిపోయింది. సాయంత్రానికి ఏదీ మిగల్లేదు. మీ అత్తయ్య వాటిని పెరట్లో మల్లెపాదులో పెట్టింది. ఆ రోజు హేచరీ కిట్ తెచ్చి చూస్తే గొట్టంలో నీళ్లు ముదురు ఆకుపచ్చ, అంటే అమ్మోనియా బాగా ఎక్కువ ఉన్నట్టు. ఆ రంగు నాకు ఇప్పటికీ గుర్తుంది.

సరే, ఇప్పుడు ఏం చేయాలో చెప్తాను.

ముందు నీళ్లు. వంటింటి ఆర్వో నీళ్లు వాడానన్నావు. మన ఇళ్లలో ఉండే మెషీన్లలో చాలావాటికి టీడీఎస్, అంటే నీళ్లలో కరిగి ఉన్న లవణాలు, సర్దే కంట్రోలర్ ఉంటుంది, తాగడానికి రుచిగా ఉండాలని కొంత మామూలు నీళ్లు కలిపి వదులుతుంది. మీటర్ పెట్టి చూడు. 60, 80 చూపిస్తే ఆ నీళ్లు ఈ పనికి పనికిరావు, సున్నా రావాలి. చేపలు లేవు కాబట్టి ఇప్పుడే పారబోసి మళ్లీ కలుపుకున్నా నష్టం లేదు. కలిపేటప్పుడు నీళ్లలో ఉప్పు వేయాలి కానీ ఉప్పు మీద నీళ్లు పోయకూడదు, పోస్తే అందులోని కాల్షియం తెల్లగా విరిగి అడుక్కి చేరుతుంది. లీటరుకి 35 గ్రాముల పైచిలుకు పడుతుంది, కొలిచేది మాత్రం రిఫ్రాక్టోమీటర్‌తో, అంటే నీళ్లలో ఉప్పు ఎంతుందో చూపే పరికరంతో, సాంద్రత 1.025 రావాలి. వేడి 26 డిగ్రీలు. ఆవిరైపోయేది నీళ్లే, ఉప్పు కాదు, కాబట్టి తగ్గినప్పుడల్లా ఉప్పు లేని నీళ్లే పోయాలి. అద్దం మీద నీటిమట్టం దగ్గర టేపు ముక్క అంటించు, మీ హైదరాబాద్ ఎండలకి ఫ్యాన్ పెట్టావంటే అది ఎంత త్వరగా దిగుతుందో నీకే తెలుస్తుంది.

వైజాగ్ నుంచి వచ్చేవాళ్లతో బీచ్ నీళ్లు డ్రమ్ముల్లో తెప్పిస్తానన్నావు, ఆ ఆలోచన మానెయ్. హేచరీలో సముద్రపు నీళ్లు నేరుగా ఎప్పుడూ వాడలేదు. ఇసుక ఫిల్టర్‌లో వడకట్టి, క్లోరిన్ కొట్టి, హైపో అనే మందు వేసి ఆ క్లోరిన్‌ని విరిచి, టెస్ట్ చేశాకే పిల్లల దగ్గరికి వెళ్లేవి. గోదావరికి వరదొస్తే మా ఒడ్డున ఉప్పు శాతం పడిపోయేది కూడా. అలాగే లక్షద్వీప్ వెళ్లిన స్నేహితుడు పగడపు రాయి తెస్తానన్నాడట కదా, వద్దని చెప్పు. గట్టి పగడాలన్నీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి, పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. నీ దగ్గరున్న పొడి రాళ్లు చాలు.

తర్వాత సూక్ష్మజీవులకి తిండి. పచ్చి రొయ్య ముక్క వేసి కుళ్లనివ్వడం పాత పద్ధతి, పని జరుగుతుంది కానీ ఎంత అమ్మోనియా వస్తోందో లెక్క ఉండదు, ఇల్లంతా కంపు. అమ్మోనియం క్లోరైడ్ తెచ్చుకో, అంటే మన నవాసారమే, ఇత్తడి గిన్నెలకి కళాయి పోసేవాళ్లు వాడేది. అయితే వాళ్ల దగ్గరిది వద్దు, లేబొరేటరీకి అమ్మే శుభ్రమైన రకం కొను. 150 లీటర్లకి ఒక గ్రాము కరిగించి పోస్తే రీడింగ్ 2 పీపీఎం, అంటే లీటరుకి 2 మిల్లీగ్రాముల దగ్గరికి వస్తుంది. త్వరగా అవ్వాలని ఎక్కువ పోయకు, 5 దాటితే ఆ జీవులే నెమ్మదిస్తాయి. డామ్సెల్ చేపలు గట్టివి, వాటిని వేసి సైకిల్ చేయండని, అంటే ఈ సూక్ష్మజీవుల్ని పెంచుకోండని దుకాణాల్లో చెప్తారు, ఆ మాట వినకు. అవి చావకపోయినా మొప్పలు కాలి బతుకుతాయి, పైగా పెద్దయ్యాక తర్వాత వేసిన ప్రతి చేపనీ తరుముతాయి.

ఇక తోడు. నీకు తెలిసినవాళ్ల ట్యాంకు ఏళ్లుగా బాగా నడుస్తుంటే, ఈ మధ్య రోగాలేవీ రాలేదంటే, ఒక గుప్పెడు రాతిముక్కలు అదే నీళ్లలో తడిగా తెచ్చుకుని ఫిల్టర్‌లో పెట్టు. ఒకటి రెండు వారాలు కలిసొస్తాయి. దుకాణం ట్యాంకుల్లోంచి తేవద్దు, వాటిల్లో రోగాలూ రాగి మందులూ ఉంటాయి. సీసాల్లో అమ్మేవి కొన్ని పనిచేస్తాయి, తేదీ చూడు, ఎండలో నిలవ ఉన్నది కొనకు. ఏది వేసినా టెస్ట్ మాత్రం మానకు.

ఈ జీవుల గురించి ఒక సంగతి చెప్పనీ, నాకు చాలా ఇష్టమైనది. అమ్మోనియాని తినేవి బ్యాక్టీరియా మాత్రమే అని వందేళ్లకు పైగా అనుకున్నారు. 2005లో సియాటిల్ అక్వేరియం ఉప్పునీళ్ల ట్యాంకు నుంచి బ్యాక్టీరియా కాని ఒక జీవిని వేరుచేసి పెంచారు, ఆర్కియా అనే వేరే తెగ సూక్ష్మజీవి, నైట్రోసోప్యూమిలస్ మారిటిమస్ అని పేరు పెట్టారు. అలాంటివి సముద్రాల నిండా ఉన్నాయని ఇప్పుడు తెలుసు. అంటే నువ్వు ఖాళీగా ఉంది అనుకునే ఆ ట్యాంకులో జరగబోయే పని అంత పెద్దది.

టెస్ట్ రెండు రోజులకోసారి చెయ్. అమ్మోనియా గొట్టం పసుపు అంటే లేదు, ఆకుపచ్చకి తిరిగితే ఉంది. పది రోజులు అటూ ఇటూగా అమ్మోనియా దిగడం మొదలవుతుంది, అప్పుడు నైట్రైట్ ఎక్కుతుంది, గొట్టం వంగపండు రంగులోకి వెళ్లి రోజుల తరబడి అక్కడే కూర్చుంటుంది. అందరూ ఓపిక పోగొట్టుకునేది ఇక్కడే. ఏమీ మార్చకు, ఏమీ కలపకు, పంపు నడవనీ. కరెంటు పోతే బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టు, వీటికి కూడా గాలి కావాలి. స్పాంజి కుళాయి నీళ్లలో కడగకు, క్లోరిన్ తగిలితే చేసిందంతా పోతుంది. లైటు వెయ్యనక్కర్లేదు. మూడో వారంలో ఇసుక మీద తుప్పులాంటి గోధుమ పొర రావచ్చు, కంగారు పడకు, దానంతటదే పోతుంది.

రెండూ సున్నాకి వచ్చాక మళ్లీ ఒక గ్రాము పోసి గడియారం చూసుకో. 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా అయితే ట్యాంకు తయారైనట్టు. అప్పుడు సగానికి పైగా నీళ్లు మార్చి నైట్రేట్ తగ్గించి, రెండే క్లౌన్‌లు తెచ్చుకో. హేచరీలో పుట్టినవి అడుగు, మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ, సీఎంఎఫ్ఆర్ఐ వాళ్లు క్లౌన్ పిల్లల్ని పెంచే పద్ధతి ఎప్పుడో సాధించారు, సముద్రంలోంచి పట్టినవి కొనాల్సిన పని లేదు. మేత చిటికెడు చాలు. ఇంకో చేప కావాలంటే రెండు వారాలు ఆగు, ఉన్న సూక్ష్మజీవులు ఉన్న చేపలకి సరిపోయేంతే ఉంటాయి.

పాప సంగతి నేను చూసుకుంటాను, శనివారం ఫోన్ చేసి నేనే చెప్తాను. ఒక నోట్‌బుక్, రంగు పెన్సిళ్లు కొనిపెట్టు. టెస్ట్ చేసిన రోజల్లా గొట్టంలో ఏ రంగు వచ్చిందో తేదీ వేసి ఆ రంగే పూయమను, దానికి ఆరేళ్లు, బాగా చేస్తుంది. ఆదివారం మొదటి టెస్ట్ చేశాక గొట్టం వెనక తెల్ల కాగితం పెట్టి, ట్యూబ్‌లైటు కింద కాకుండా కిటికీ దగ్గర పగటి వెలుతురులో ఫోటో తీసి నాకు పంపించు.

మీ మావయ్య