బంగారు నానోకణం పక్కన ఉంటే పల్చటి సెమీకండక్టర్ ఎందుకు ఎక్కువగా వెలుగుతుంది?

చార్మినార్ దగ్గర స్వీట్ల మీద వేసే వెండి వరఖ్ చూసే ఉంటారు, ఊదితే ఎగిరిపోతుంది. మాలిబ్డినం డైసల్ఫైడ్ అనే సెమీకండక్టర్ పొర దానికంటే వందల రెట్లు పల్చన, సుమారు 0.65 నానోమీటర్లు, అంటే మూడు పరమాణు వరసలంతే. ఇలా ఒక్క పొరగా ఉన్నప్పుడే అది ఎర్రటి కాంతిని బాగా ఇస్తుందని 2010లో తేలింది. చిక్కేమిటంటే ఇంత పల్చన కాబట్టి పడ్డ వెలుగులో ఎక్కువ భాగం దాన్ని దాటి వెళ్లిపోతుంది.

బంగారు కణంలో ఎలక్ట్రాన్లన్నీ కాంతితో పాటు ఒక్కటిగా ఊగుతాయి, దాన్నే ప్లాస్మాన్ అంటారు, ఆ ఊపుకి కణం అంచు చుట్టూ కొన్ని నానోమీటర్ల మేర కాంతి క్షేత్రం బాగా బలపడుతుంది. పొర సరిగ్గా అక్కడుంటే ఎక్కువ కాంతిని పీలుస్తుంది, అందులో పుట్టిన ఎలక్ట్రాన్-హోల్ జంటలు (ఎలక్ట్రాన్, అది వదిలిన ఖాళీ) కూడా త్వరగా కాంతిగా మారతాయి.

అలాగని లోహాన్ని నేరుగా అంటించేస్తే పని చెడుతుంది! శక్తంతా లోహంలోకి పోయి వేడైపోతుంది, అందుకే మధ్యలో కొన్ని నానోమీటర్ల అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) పొర వేస్తారు. రంగులూ కలవాలి, నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే: చిన్న బంగారు గోళాలు 520 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి దగ్గర ఊగితే ఈ పొర వెలిగేది 670 దగ్గర, కాబట్టి గోళానికి బదులు కడ్డీ ఆకారం తీసుకుని, దాని పొడవు మార్చుతూ రెండిటినీ కలుపుతారు.