మొదటి రేక్ లోడు చేయబోయే అల్లుడికి

చి. అల్లుడికి ఆశీస్సులు.

తాడేపల్లిగూడెం గూడ్స్ షెడ్ నుంచి మిల్లు బియ్యం రేక్‌లో, అంటే పూర్తి గూడ్సు రైలులో, పంపుతున్నావని తెలిసింది. లారీ లోడింగ్ ఒక గంట ఆలస్యమైతే డ్రైవర్‌కి సర్దిచెప్పుకోవచ్చు. రేక్‌కి అలా కాదు, వ్యాగన్లు లోడింగ్‌కి తెచ్చి పెట్టినట్టు ప్లేస్‌మెంట్ టైమ్ రాసిన నిమిషం నుంచే గడువు మొదలు. గడువు దాటాక ఒక్క వ్యాగన్ మిగిలినా డెమరేజ్, అంటే ఆలస్య రుసుము, రేక్ మొత్తానికి పడుతుంది, పది నిమిషాలైనా పూర్తి గంట కిందే లెక్క. వ్యాగన్‌కి గంటకు 150 రూపాయలనుకున్నా 58 వ్యాగన్లకు 8,700.

అందుకే వ్యాగన్లు కావాలని రైల్వేకి ఇండెంట్ పెట్టేముందే మనుషుల లెక్క చూసుకో. కప్పున్న వ్యాగన్లలో బీసీఎన్ రకం అయితే రేక్‌కి 42 వ్యాగన్లు, బీసీఎన్‌హెచ్‌ఎల్ రకం అయితే 58. వ్యాగన్‌కి 60 టన్నులనుకుంటే 50 కిలోల బస్తాలు 1,200, 58 వ్యాగన్ల రేక్‌కి 69,600. పదిమంది ముఠాకి వ్యాగన్ నింపడానికి మూడు గంటలు వేసుకో. తొమ్మిది గంటల్లో తెమలాలంటే 20 ముఠాలు కావాలి. మేస్త్రి "వచ్చేస్తారులెండి" అంటే వదలకు, ముందురోజే ముఠాలవారీగా రాయించుకో. సరుకు ముందే ప్లాట్‌ఫారం మీద దించితే పని చకచకా సాగుతుంది. కానీ అక్కడ ఎన్ని గంటలు ఉచితమో గూడ్స్ క్లర్క్‌ని అడిగాకే దించు, దాటితే వార్ఫేజ్, అంటే సరుకు అక్కడ ఉంచినందుకు రుసుము.

ఇక వ్యాగన్ పరీక్ష. తొందరలో అందరూ వదిలేసేది ఇదే, బియ్యం తడిసేదీ ఇక్కడే. బస్తా ఎక్కించకముందు ఒక మనిషి లోపలికెళ్లి, తలుపులన్నీ మూయించి, కళ్లు చీకటికి అలవాటయ్యేదాకా నిలబడాలి. చిల్లు ఉంటే సూదిలా వెలుగు దిగుతుంది. పైకప్పు, తలుపు అంచులు, నేల మూలలు చూడమను. తలుపు సందుల్లో గోనె ముక్కలు కుక్కించు. కప్పుకి చిల్లు కనిపిస్తే అప్పుడే కాగితం మీద రాసిచ్చి వ్యాగన్ మార్చమను. అంతకుముందు యూరియా వచ్చిన వ్యాగన్‌లో తెల్ల గుళికలు మిగిలి చెమ్మ పీలుస్తాయి. శుభ్రంగా ఊడ్పించి పాలిథిన్ పట్టా పరిపించు.

రెండు చివర్ల నుంచి సమానంగా నింపుకుంటూ మధ్యకి రావాలి. తలుపు దగ్గర నిలువుగా పేర్చనివ్వకు, మెట్లలా దించుకురమ్మను. లేకపోతే దారి కుదుపులకి బస్తాలు తలుపుకి ఒరిగి, అవతలి ఊళ్లో తలుపు తీసిన హమాలీ మీద పడతాయి.

ఖాళీ గోనెసంచే సుమారు 580 గ్రాములుంటుంది. 1,200 సంచులకు దాదాపు 700 కిలోలు. వ్యాగన్ బరువు లెక్కలో ఇది కలపడం మర్చిపోతే దారిలో కాటా మీద బరువు ఎక్కువ తేలి, పెనాల్టీ నీ నెత్తిన పడుతుంది.

బస్తాల లెక్క రైల్వేవాళ్ల ఎదుట జరగకపోతే ఆర్‌ఆర్ (రైల్వే రసీదు) మీద "సెడ్ టు కంటెయిన్", అంటే ఇన్ని ఉన్నాయని పంపినవాడు చెప్పాడు, అని వేస్తారు. అప్పుడు తరుగు వస్తే రుజువు చేసుకోవాల్సింది నువ్వే. 1989 రైల్వే చట్టం 106వ సెక్షన్ ప్రకారం, సరుకు రైల్వేకి అప్పగించిన 6 నెలల్లో క్లెయిమ్ నోటీసు ఇవ్వాలి. కాబట్టి 11 అంకెల వ్యాగన్ నంబరు, బస్తాలు, సీలు నంబరు ఒకే వరసలో, తలుపు మూసిన చోటే నిలబడి రాయించు. సాయంత్రం షెడ్డులో కూర్చుని నింపే లెక్క దేనికీ నిలవదు.

మీ మావయ్య