పాత తలుపు డిజైన్‌కి సరిపడే రౌటర్ బిట్ ఏది?

ప్రశ్న: మాది బెంగళూరు, మారతహళ్లి. వంటింట్లో 12 ఏళ్ల నాటి టేకు కబోర్డు తలుపులు 14 ఉన్నాయి. సింకు కింది రెండింటికీ తడి తగిలి పలకలు ఉబ్బాయి, జాయింట్లు విడిపోయాయి. కార్పెంటర్ రౌటర్‌కి (చెక్క అంచుల్లో డిజైన్ కోసే మిషన్‌కి) ‘ఓజీ’ బిట్ తెచ్చి చెక్కముక్క మీద ఆడిస్తే దగ్గరగా వచ్చిందిగానీ అదే డిజైన్ రాలేదు. అన్నీ మార్చాల్సిందేనా?

జవాబు: వద్దండి, రెండు తలుపుల కోసం 12 మంచి టేకు తలుపులు పీకించకండి.

ఓజీ అనేది S లాంటి వంపు పేరే, కొలత కాదు. అదే పేరుతో 4 మిల్లీమీటర్ల రేడియస్‌దీ దొరుకుతుంది, 6దీ దొరుకుతుంది, వంపు పక్కన చిన్న మెట్టు ఉన్నదీ లేనిదీ కూడా. అందుకే పేరు చెప్పి, ఫోన్లో ఫొటో చూపించి కొనకండి. పాడైన తలుపు ఎలాగూ పోయిందే కదా, దాని నిలువు చట్రాన్ని అడ్డంగా కోయించండి, అసలు ఆకారం ఆ కోతలో కనబడుతుంది. పాలిష్ పొరలు గీకేసి, ఆ ముక్కనే ఎస్పీ రోడ్డు హార్డ్‌వేర్ షాపులకి తీసుకెళ్లి, బిట్ పదునుని దాని వంపుకి ఆనించి వెలుతురుకి పెట్టి చూడండి. మధ్యలోంచి వెలుగు బాగా కనిపిస్తే అది మీది కాదు.

కొనేముందు ఇంకొకటి గమనించాలి, చాలామంది ఇక్కడే పొరబడతారు. చట్రం లోపలి మూలలు గుండ్రంగా ఉంటే బిగించాక బేరింగ్ బిట్ (అంచు వెంట దొర్లే చిన్న చక్రం ఉన్న బిట్) తిప్పారన్నమాట, ఒక్క బిట్ చాలు. మూలలో గీత పదునుగా కలిస్తే మాత్రం ముందే కోసి అతికించినట్టు. అలాంటి చట్రాలకు ఎక్కువగా జత బిట్లు వాడతారు: ఒకటి అంచుకి డిజైనూ గాడీ వేస్తుంది, రెండోది అడ్డ చెక్కల కొసల్ని దానికి ఎదురు ఆకారంలో కోస్తుంది. వీటిని వేర్వేరు చోట్ల కొంటే జాయింటులో సందు మిగులుతుంది, ఒకే సెట్టుగా తీసుకోండి.

షాంక్ (మిషన్‌లోకి దూరే బిట్ కాడ) సంగతి దయచేసి తేలిగ్గా తీసుకోవద్దు. 6 మిల్లీమీటర్లూ పావు అంగుళమూ ఒకటి కాదు, పావు అంగుళమంటే 6.35. కాడని పట్టే బిగింపు, అంటే కోలెట్, సరిగ్గా పట్టకపోతే తిరుగుతుండగా బిట్ జారి బయటికొస్తుంది. పెద్ద జత బిట్లకి అర అంగుళం షాంకు, టేబుల్‌కి బిగించిన రౌటరు కావాలి, చేతి ట్రిమ్మర్ (చేత్తో పట్టుకునే చిన్న రౌటర్) మీద పెట్టనివ్వకండి.

బిట్ ఎత్తు పెట్టేటప్పుడు ప్లగ్ తీసేసి, కోసిన పాత ముక్కని పక్కన ఆనించి సరిచూసుకోమనండి. తర్వాత అదే మందం పనికిరాని చెక్క మీద కోసి, రెండు ముక్కలూ కలిపి వేలితో తడిమి చూడండి, మెట్టు తగిలితే ఇంకా దించాలో ఎత్తాలో తెలుస్తుంది. ఆ పాత ముక్కని మాత్రం పారేయకండి, రేపు మూడో తలుపు పాడైతే అదే మీ కొలత.