విపత్తులను తట్టుకునే శక్తికి స్కోరు: హైదరాబాద్‌లో దాన్ని వార్డుల వారీగా కాదు, చెరువుల గొలుసు వెంబడి కొలవాలి

మీరు అడిగింది ఇది: వాతావరణ విపత్తులను ఎంతవరకు తట్టుకోగలవో చూసి నగరాలకు స్కోర్లు ఇస్తున్నారు కదా, హైదరాబాద్ లాంటి చోట దానివల్ల నిజంగా ఉపయోగం ఉందా, కాలనీవాళ్లం చేయగలిగింది ఏమైనా ఉందా అని. రెండూ ఉన్నాయి. అయితే కొలిచే హద్దు ఎక్కడ గీస్తామన్నదే అసలు విషయం.

ఐక్యరాజ్యసమితి విపత్తుల విభాగం తయారు చేసిన స్కోర్‌కార్డు ఒకటుంది. పది ముఖ్యాంశాల మీద నడుస్తుంది. ప్రాథమిక స్థాయిలో 47 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కులు. మన కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ కూడా 2019లో క్లైమేట్ స్మార్ట్ సిటీస్ పేరుతో అంచనా పద్ధతి తెచ్చింది. వీటిని నేను తక్కువ చేయను. కరెంటు, మంచినీళ్లు, రెవెన్యూ, ఇరిగేషన్, మున్సిపాలిటీ వాళ్లను ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టడమే పెద్ద పని, ఈ ప్రశ్నలు ఆ పని చేయిస్తాయి. కానీ చివరికి నగరం మొత్తానికి ఒక అంకె వస్తుంది. ఆ అంకెలో బంజారాహిల్స్ గుట్ట మీది ఇల్లు, చెరువు కింద రేకుల ఇల్లు కలిసిపోతాయి.

మేముండేది సరూర్‌నగర్ చెరువు దిగువన. 2020 అక్టోబరు 13న వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటి ఇటు వచ్చింది. ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వాన పడింది. మా వీధిలో వాన తగ్గాక కూడా నీళ్లు పెరుగుతూనే ఉన్నాయి, ఎందుకంటే మీర్‌పేట వైపు చెరువులు నిండి ఆ నీళ్లన్నీ కిందికి వస్తున్నాయి. ఆ వారంలోనే బాలాపూర్ దగ్గర గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్‌బాబానగర్ మునిగింది. మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకే రావాలి. నీళ్లకు వార్డు, సర్కిల్ తెలియవు. వార్డుల వారీగా కొలిస్తే పైవాళ్లకు మంచి మార్కులు, కిందివాళ్లకు నీళ్లు మిగులుతాయి.

అందుకే నా ఉద్దేశంలో ఒక్కో గొలుసుకు ఒక్కో స్కోరు ఉండాలి, పై చెరువు దగ్గర నుంచి మూసీలో కలిసే దాకా. ఆ గొలుసులో అన్నిటికంటే బలహీనంగా ఉన్న చోటు ఎలా ఉందో అదే దాని స్కోరు. సగటు తీయకూడదు.

ఏం కొలవాలి? పైన వాన పడ్డాక మన వీధికి నీళ్లు చేరడానికి ఎంతసేపు పడుతుందో, ఎన్ని గంటలు నిలుస్తాయో స్తంభాల మీద గుర్తులు పెట్టి రాసుకోవచ్చు. మేం అలాగే చేశాం. కానీ అంతకంటే ముఖ్యం నీళ్లు పోయాక జరిగేది. డ్రైనేజీ నీళ్లు సంపులోకి చేరితే వీధి ఎండినా ఇంట్లో తాగడానికి చుక్క ఉండదు. సంపు తోడించి, కడిగించి, బ్లీచింగ్ వేయించి, నల్లా నీళ్లు బాగున్నాయని నమ్మకం కుదిరేదాకా ఆ ఇల్లు విపత్తులోనే ఉన్నట్టు లెక్క. సెల్లార్‌లో ఉండే వాచ్‌మన్ కుటుంబానికి, కింది అంతస్తులో అద్దెకుండేవాళ్లకు హెచ్చరిక ఎప్పుడు అందింది? వాతావరణ శాఖ ముందే చెప్పిందనడం సరిపోదు, ఆ మాట ఆ తలుపు దగ్గరకు చేరిందా లేదా అన్నదే కొలత. మా కాలనీలో ఈ ప్రశ్న వేసినప్పుడు వచ్చిన జవాబులు చాలా బాధ పెట్టాయి. వాళ్లలో ఎక్కువమంది అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోనే లేరు.

మెరుగుపడింది కూడా అక్కడి నుంచే. ఎగువ కాలనీల వాళ్లతో పరిచయం పెంచుకున్నాం. పై చెరువు మత్తడి దుంకడం మొదలవగానే మాకు ఫోన్ వస్తుంది. మేం ముందుగా కింది అంతస్తుల వాళ్లకు చెబుతాం, పెద్దవాళ్లను పైకి చేరుస్తాం, మోటార్ల స్విచ్‌లు తీసేయిస్తాం. సంపు మూతలను వీధి మట్టం కంటే ఎత్తుకు కట్టించుకున్నాం. జూన్‌కు ముందే నాలా పూడిక తీయాలని ఫొటోలతో సహా అర్జీలు పెడుతున్నాం. ఇందులో ఏదీ పెద్ద ఖర్చు కాదు.

పెద్ద పనులు ప్రభుత్వం చేయాల్సినవే. 2000 ఆగస్టులో బేగంపేటలో 24 సెంటీమీటర్ల వాన పడింది. తర్వాత 2003లో నాలాల మీద కిర్లోస్కర్ కన్సల్టెంట్స్ నివేదిక వచ్చింది. నాలాల కోసం ప్రత్యేక కార్యక్రమం ఎస్ఎన్‌డీపీ మాత్రం 2021 దాకా మొదలవలేదు. నాలాను మధ్యలో ఒకచోట వెడల్పు చేస్తే నీళ్లు మరింత జోరుగా వెళ్లి తర్వాతి ఇరుకు దగ్గర జనాల ఇళ్లలోకి దూరతాయి. పని మూసీ వైపు నుంచి పైకి రావాలి. ఏ నాలాకు శంకుస్థాపన జరిగినా ముందు దాని దిగువన ఏముందో చూడండి.

1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలమందిని బలి తీసుకుంది. తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) కట్టారు. అవి పైనుంచి వచ్చే వరదను ఆపగలవు. ఉప్పల్‌లో, ఎల్బీనగర్‌లో పడిన వాన వాటి దాకా వెళ్లదు కదా! జంట జలాశయాలున్నాయన్న ధైర్యం మా వైపు పనిచేయదు.

ఎండకూ ఇలాంటి లెక్కే కావాలి. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం తెచ్చింది, అంటే ఇంటి పైకప్పు ఎండకు అంతగా వేడెక్కకుండా చేయడం, మంచిదే. అయితే రేకుల ఇంట్లో రాత్రి పదింటికి ఎంత వేడి ఉందో కొలిస్తేనే అది ఎవరికి చేరిందో తెలుస్తుంది.

మొదలుపెట్టాలంటే తెలంగాణ అభివృద్ధి ప్రణాళికా సొసైటీ వెబ్‌సైట్‌లో ఆటోమేటిక్ వర్షమాపకాల లెక్కలు చూడండి. మీ కాలనీ దగ్గరిది కాకుండా మీ ఎగువ చెరువు దగ్గరి కేంద్రాన్ని గమనించండి. మీ నాలా అసలు వెడల్పు ఎంత, ఇప్పుడెంత ఉందో సమాచార హక్కు కింద అడగండి. మీరు ఏ చెరువు కింద ఉంటారో రాస్తే, దాని పైనున్న చెరువులను మ్యాపులో వెతకడానికి నేను సాయం చేస్తాను.