ఊళ్లో మూడెకరాలున్న మనిషి బెంగళూరుకు కూలికి ఎందుకు వస్తాడు?

సొంత ఊళ్లో మూడు నాలుగు ఎకరాలున్నవాళ్లు వాటిని అమ్మేసి బెంగళూరులోనే స్థిరపడవచ్చు కదా, ఏటా ఇటూ అటూ తిరగడం వల్ల అభివృద్ధి కుంటుపడదా అని మీరు అడిగారు. నేను 16 ఏళ్లుగా బెంగళూరులో భవన నిర్మాణ పనుల్లో సైటు ఇంజనీరుగా ఉన్నాను. మాది కదిరి దగ్గర ఒక పల్లె. ఇప్పటికీ అక్కడ మా కుటుంబానికి ఆరెకరాల మెట్ట చేను ఉంది. అందుకే ఈ ప్రశ్నను నేను రెండు వైపుల నుంచీ చూశాను.

మా సైట్లలో పనిచేసే తెలుగువారిలో ఎక్కువమంది అనంతపురం, కర్నూలు, మహబూబ్‌నగర్ వైపు వారు. జూన్, జులైలలో ఒక పదును వాన పడిందంటే వేరుశనగ విత్తడానికి రేకుల షెడ్లు సగం ఖాళీ అవుతాయి, కొందరు కాయ పీకేదాకా తిరిగి రారు. ఇలా వెళ్లిపోయే మనిషికి సెంట్రింగ్ గానీ, కడ్డీలు వంచి కట్టే పని గానీ నేర్పడానికి మేస్త్రీలు ఇష్టపడరు, ఎందుకంటే చెయ్యి తిరిగే సమయానికి అతను ఊళ్లో ఉంటాడు. ఆ పనులు క్రమంగా బీహార్, పశ్చిమ బెంగాల్ నుంచి వచ్చి ఏడాదికొకసారి మాత్రమే ఇంటికి పోయేవారి చేతుల్లోకి వెళ్లాయి. పదేళ్ల కిందట ఇటుకలు మోసిన మనిషి ఈ రోజు కూడా ఇటుకలే మోయడం నేను కళ్లారా చూస్తున్నాను. దీన్ని బద్ధకమనీ, ఊరి మీది మమకారమనీ కొట్టిపారేసేవారితో నేను ఏకీభవించను.

వ్యవసాయంలో అవసరానికి మించి ఉన్న శ్రామికులు పరిశ్రమల వైపు కదలడమే అభివృద్ధికి దారి అని ఆర్థికవేత్త ఆర్థర్ లూయిస్ 1954లో వివరించారు. మన దగ్గర మనిషి కదిలాడు గానీ, అతని భరోసా మాత్రం చేనులోనే ఉండిపోయింది. సైటులో పింఛను ఉండదు. జబ్బు చేసిన రోజుకు కూలి రాదు. కాలు విరిగితే తిరిగి వెళ్లడానికి ఊళ్లో ఒక చోటు ఉండాలి. ఒకసారి అమ్మిన భూమిని కూలి డబ్బుతో మళ్లీ కొనడం అసాధ్యం, ఎందుకంటే ఎకరా ధరకూ ఆ ఎకరాలో పండే పంట విలువకూ ఇప్పుడు పొంతనే లేదు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు, అంటే 2.67 ఎకరాలు. ఇల్లు గడవడానికి అది చాలదు, వదులుకోవడానికి ధైర్యమూ చాలదు.

అమ్మకపోతే కౌలుకు ఇవ్వవచ్చు. అసలు చిక్కు అక్కడే ఉందని నా నమ్మకం. మా చేనును ఊళ్లో ఒకాయన ఏళ్ల తరబడి నోటిమాట మీద కౌలుకు చేశారు. ఆయనను మేము మామా అనే పిలుస్తాం. కాగితం రాసిమ్మని ఆయన రెండుసార్లు అడిగితే, రేపు భూమి తనదే అంటాడేమో అన్న భయంతో మా నాన్నగారు రాసివ్వలేదు. కాగితం లేనందువల్ల ఆయనకు బ్యాంకు పంట రుణం ఇవ్వలేదు, నూటికి రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చుకున్నారు. వానలు ముఖం చాటేసి పంట పోయిన ఏడాది, నష్టపరిహారం పట్టాదారు పాసుపుస్తకంలో పేరున్నందుకు మా ఖాతాలో పడింది. ఆ డబ్బు మేము ఆయనకు పూర్తిగా ఇవ్వలేదు. ఆ సంగతి ఈనాటికీ నన్ను బాధిస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం 11 నెలల ఒప్పందానికి వీలు కల్పిస్తూ, యజమాని హక్కుకు భంగం రాదని స్పష్టంగా చెప్పింది. అయితే దానికి యజమాని సమ్మతి కావాలి, ఆ సంతకం దగ్గరే చాలామంది ఆగిపోతున్నారు. కర్ణాటకలో భూసంస్కరణల చట్టానికి 1974లో చేసిన సవరణ అప్పటి కౌలుదారులకు భూమిపై హక్కు ఇచ్చింది, అది గొప్ప మేలు. కానీ కొత్తగా కౌలుకు ఇవ్వడాన్ని దాదాపుగా నిషేధించడంతో ఆ తరువాతి కౌళ్లు చాటుమాటు వ్యవహారాలయ్యాయి. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మా పాత అనంతపురం జిల్లాలోని బండ్లపల్లిలోనే మొదలైంది; వంద రోజుల పని కరువులో అన్నం పెట్టింది గానీ, ఈ కౌలు ముడిని విప్పడం దానివల్ల అయ్యే పని కాదు.

కాబట్టి అమ్మేయమని నేను ఎవరికీ సలహా ఇవ్వను, కాగితం మీద కౌలుకు ఇవ్వమంటాను. నాన్నగారు పోయిన తరువాత, రెండేళ్ల కిందట, నేనే వెళ్లి మామ ఒప్పందం మీద సంతకం చేశాను. ఆ ఏడాదే ఆయనకు బ్యాంకు రుణం వచ్చింది. అది చూసి మా పక్క చేను వాళ్లు కూడా తమ నాలుగెకరాలను ఆయనకే కౌలుకు రాసిచ్చారు. వాళ్ల ఇద్దరు కొడుకులూ మా సైటులోనే పనిచేస్తారు. పెద్దవాడు మొన్న జూన్‌లో కూడా అలవాటు కొద్దీ ఊరెళ్లాడు. చిన్నవాడు వెళ్లలేదు, హెబ్బాళ దగ్గర మా కొత్త సైటులో కడ్డీలు కట్టే పని నేర్చుకుంటున్నాడు.